నీలి గీతల లింపెట్: కెల్ప్ ఆకు మీదిదీ, మొదలు లోపలిదీ ఒకటేనా?

అమ్మా, నీ ప్రశ్న చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా మళ్ళీ చెప్తున్నాను. నీది పరకాల, ఐర్లండ్‌లో గాల్వేలో ఎమ్మెస్సీ చేస్తున్నావు. సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజు రాళ్ళ ఒడ్డుకు వెళ్తే, గోధుమ రంగులో పొడుగాటి పట్టీలుగా పడి ఉన్న సముద్రపు నాచు (కెల్ప్) మీద చిటికెన వేలి గోరంత గుల్లలు కనిపించాయి, వాటి మీద మెరిసే నీలి గీతలు. అదే నాచు మొదట్లో, వేళ్ళలా ఉన్న చోట లోపల ఇంకొకటి దొరికింది, అది కాస్త పెద్దది, మందంగా, మబ్బుగా ఉంది, గీతలు దాదాపు లేవు, గాడులూ లేవు. ఫోన్ యాప్ మొదటిదానికి ఒక పేరు, రెండోదానికి ఇంకో పేరు చెప్పింది. ఇవి రెండు జాతులా, నాచును చంపుతాయా, మన వైజాగ్‌లో దొరుకుతాయా అని అడిగావు.

సూటిగా చెప్పాలంటే, రెండూ ఒకటే జాతి. శాస్త్రీయ నామం పటెల్లా పెల్యూసిడా, ఇంగ్లీషులో బ్లూ రేడ్ లింపెట్ అంటారు. లింపెట్ అంటే రాయికో నాచుకో అతుక్కుని బతికే, టోపీలాంటి గుల్ల ఉన్న నత్త. ఆకు మీద కూర్చున్నది ఆ నాచుకు పెద్దగా నష్టం చేయదు. మొదట్లో దూరినది మాత్రం చేస్తుంది, కొన్నిసార్లు మొత్తం నాచే తుఫానులో ఊడిపోయేంతగా చేస్తుంది. ఇక వైజాగ్‌లోనే కాదు, మన దేశంలో ఎక్కడా ఇది దొరకదు.

నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. అంతకు ముందు కొన్నేళ్ళు స్కాట్లండ్ పడమటి తీరంలో కెల్ప్ మొదళ్ళు కోసి, లోపల దాక్కున్న జీవాలను ఏరి, పేర్లు పెట్టి, రాసుకునే పనిలో ఉన్నాను. ఈ చిన్న జీవి చేతికి రాని రోజు అరుదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ నాచు గురించి రెండు మాటలు, ఎందుకంటే అది అర్థం కాకపోతే లింపెట్ అర్థం కాదు. నువ్వు చూసిన పట్టీల నాచు కెల్ప్. ఐర్లండ్ ఒడ్డున ఎక్కువగా కనిపించేవి లామినేరియా డిజిటాటా, లామినేరియా హైపర్‌బోరియా అనే రెండు రకాలు. డిజిటాటా కాడ నున్నగా, వంగేటట్టు ఉంటుంది. హైపర్‌బోరియా కాడ గరుకుగా, నీళ్ళు తగ్గినా నిటారుగా నిలబడేంత గట్టిగా ఉంటుంది. కెల్ప్‌కు మూడు భాగాలు: పైన ఆకు, మధ్యలో కాడ, కింద రాయిని గట్టిగా పట్టుకునే హోల్డ్‌ఫాస్ట్. ఈ హోల్డ్‌ఫాస్ట్ చూడ్డానికి వేళ్ళలాగే ఉంటుంది గానీ మన చెట్ల వేళ్ళలా అది నీళ్ళు, పోషకాలు పీల్చదు, పట్టుకోవడమే దాని పని. ఆకులో కొత్త కణజాలం పుట్టేది కొసన కాదు, కాడ ఆకుతో కలిసే చోట. అంటే కొసకు వెళ్ళేకొద్దీ ముదురు, కాడ దగ్గర లేత. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకో, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు గుర్తుపట్టడం. లింపెట్‌లను గుర్తుపట్టేటప్పుడు నేను పిల్లలకు మొదట చెప్పేది ఒకటే: గుల్ల కంటే ముందు అది కూర్చున్న చోటు చూడండి. చాలామంది గుల్లను పీకి, చేతిలో పెట్టుకుని, ఫొటో తీసి, ఇదేంటి అని అడుగుతారు. అప్పటికే సగం సమాచారం పోయినట్టే. లింపెట్ రాయి మీద ఉందా, నాచు మీద ఉందా, నాచు మీదైతే ఏ నాచు, ఆ నాచులో ఏ భాగం, ఇవి తెలిస్తే మీ తీరంలో పేరు దాదాపు తేలిపోతుంది. నీ ప్రశ్నలో ఆ వివరాలన్నీ రాశావు కాబట్టే నేను ఇంత ధీమాగా జవాబు చెప్పగలుగుతున్నాను. యాప్‌కు ఫొటోలో గుల్ల మాత్రమే కనిపిస్తుంది, అందుకే రెండోదాన్ని మామూలు రాతి లింపెట్ అనుకుని ఉంటుంది.

ఆకు మీది గుల్ల ఎలా ఉంటుందంటే, కోడిగుడ్డు ఆకారంలో, ఎత్తు తక్కువ, పై భాగం పూర్తిగా నునుపు, వేలితో రుద్దితే గాడి అనేదే తగలదు. రంగు తేనె రంగుకూ గోధుమ రంగుకూ మధ్యలో, వెలుతురుకు అడ్డంపెడితే లోపలి జీవి నీడగా కనిపించేంత పారదర్శకం. మొన నడిమధ్యన ఉండదు, ఒక కొసకు జరిగి ఉంటుంది, ఆ కొస వైపే తల. మొన నుంచి వెనక అంచు వైపు సన్నటి నీలి గీతలు పోతాయి. అవి అతుకుల గీతలు, అంటే అక్కడక్కడా తెగి చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి. కొన్నిట్లో రెండు మూడే ఉంటాయి, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. పొడవు సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే, బాగా పెరిగితే రెండు సెంటీమీటర్ల దాకా. కెల్ప్ మీద ఇలాంటి గుల్ల చూశావంటే యూరప్ తీరంలో ఇంకో పేరు ఆలోచించాల్సిన పని లేదు. ఐస్‌లండ్, నార్వే నుంచి దక్షిణాన పోర్చుగల్ దాకా ఇది ఉంటుంది.

పాత పుస్తకాల్లో పేర్లు చూసి కంగారుపడకు. జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1758లో దీన్ని పటెల్లా పెల్యూసిడా అన్నాడు, ఆ తర్వాత వేర్వేరు కాలాల్లో పాటినా అనీ, హెల్సియాన్ అనీ, అన్సేట్స్ అనీ వేర్వేరు ప్రజాతుల్లో పెట్టారు. ఇప్పుడు మళ్ళీ పటెల్లాకే వచ్చారు. మీ కాలేజీ లైబ్రరీలో హెల్సియాన్ పెల్యూసిడమ్ అని కనిపిస్తే అది ఇదే.

పొరపడే అవకాశం ఉన్నవి మూడు నాలుగు. మామూలు లింపెట్, పటెల్లా వల్గాటా, రాళ్ళ మీద ఉంటుంది, గుల్ల మీద మొన నుంచి అంచు దాకా గట్టి గాడులుంటాయి, ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నీ రెండో గుల్లకు అలాంటి గాడులు లేవని రాశావు, కాబట్టి అది కాదు. టార్టాయిస్‌షెల్ లింపెట్లు అని రెండు రకాలు ఉన్నాయి, టెస్టుడినాలియా, టెక్టూరా. వీటి మీద గులాబీ, గోధుమ రంగు చారలో మచ్చలో ఉంటాయి, నీలం ఉండదు. వీటిని తిప్పి చూస్తే ఇంకో తేడా స్పష్టంగా తెలుస్తుంది: వీటికి తల పైన మెడ దగ్గర ఒకే ఒక్క ఈకలాంటి మొప్ప ఉంటుంది. పటెల్లా కుటుంబానికి అలా కాదు, పాదం చుట్టూ, గుల్ల అంచు లోపలగా చిన్న చిన్న మొప్పల వరుస ఉంటుంది. మనం జువాలజీలో పైలా అనే మంచినీటి నత్త గురించి చదువుతాం కదా, అందులో మొప్ప ఎక్కడుందో గుర్తుంటే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ వరుస చూడాలంటే లింపెట్‌ను పీకనక్కర్లేదు. గాజు గిన్నెలో సముద్రపు నీళ్ళు పోసి, లింపెట్ కూర్చున్న ఆకు ముక్కను అందులో ఉంచితే, కాసేపటికి అది మెల్లగా గాజు మీదికి పాకుతుంది. అప్పుడు గిన్నె కింద నుంచి చూడు. లేత రంగు పాదం అలలు అలలుగా కదలడం, ముందు రెండు స్పర్శకాలు బయటికీ లోపలికీ పోవడం, అంచు లోపల మొప్పలు సన్నగా ఊగడం అన్నీ కనిపిస్తాయి. భూతద్దం ఉంటే ఇంకా బాగుంటుంది. చూసిన తర్వాత ఎక్కడ దొరికిందో అక్కడే వదిలిపెట్టు.

ఇక అసలు ప్రశ్న, ఆ రెండో గుల్ల.

హోల్డ్‌ఫాస్ట్ లోపల ఉండే రూపాన్ని లేవిస్ అంటారు. పూర్వం దీన్ని వేరే జాతి అనే అనుకున్నారు, అనుకోవడంలో తప్పు లేదు, పక్కపక్కన పెడితే అంత తేడా ఉంటుంది. గుల్ల మందం, రంగు పాలిపోయి, పారదర్శకత పోయి, ఆకారం కొంచెం వంకరటింకరగా, మొన మధ్యకు దగ్గరగా ఉంటుంది. సైజు కూడా ఆకు మీదివాటి కంటే పెద్దది. కానీ నీ దగ్గరున్న గుల్లను తీసుకుని కిటికీ వెలుతురులో మొన దగ్గర జాగ్రత్తగా చూడు. ఆ మొన చుట్టూ ఒక చిన్న భాగం మాత్రం నునుపుగా, తేనె రంగులో ఉండి, అందులో నీలి గీతల ముక్కలు కనిపించాలి. కాస్త అరిగిపోయి ఉంటే తడిపి చూడు. ఆ భాగం దాటగానే గుల్ల ఒక్కసారిగా మెట్టులా మారి, గరుకుగా, మందంగా అవుతుంది. ఆ మెట్టే నీ ప్రశ్నకు జవాబు. లింపెట్ గుల్ల అంచు దగ్గర పెరుగుతుంది, అంటే మొన దగ్గరున్నది చిన్నప్పటిది, అంచు దగ్గరున్నది ఈమధ్యది. చిన్నప్పుడు ఆకు మీద బతికినంత కాలం పెరిగిన గుల్ల నునుపుగా, నీలంగా ఉంది. తర్వాత కిందికి దిగి హోల్డ్‌ఫాస్ట్‌లో చేరాక పెరిగిన గుల్ల ఇలా మారింది. రెండు జాతులైతే ఒకే గుల్లలో రెండూ కనిపించవు కదా.

ఎందుకలా మారుతుందో కూడా ఆలోచించు. ఆకు మీద నీళ్ళ విసురు ఎక్కువ, ఆకు నిమిషం కూడా కదలకుండా ఉండదు. అక్కడ తక్కువ ఎత్తు, నునుపు, తేలికైన గుల్లే నిలుస్తుంది. ఆకు చదునుగా ఉంటుంది కాబట్టి గుల్ల అంచు కూడా చదునుగా పెరుగుతుంది. హోల్డ్‌ఫాస్ట్ లోపల విసురు లేదు, కానీ కింద ఉపరితలం ఎగుడుదిగుడు, అది ఎలా ఉంటే అంచు అలా పెరుగుతుంది. కాబట్టి ఆకారాన్ని బట్టి జాతిని కాదు, ఆ ఒక్క జీవి ఎక్కడ పెరిగిందో చెప్పొచ్చు.

దీని జీవితం మొత్తం ఇలా చోట్లు మారడమే. ఆడ, మగ వేరువేరు. గుడ్లు, వీర్యం నీళ్ళలోకే వదులుతాయి, ఫలదీకరణ బయటే. లార్వా కొంతకాలం ప్లాంక్టన్‌లో, అంటే నీళ్ళలో కొట్టుకుపోయే చిన్న జీవుల మధ్య, తేలి, ఆ తర్వాత దిగేది నేరుగా కెల్ప్ మీదికి కాదు. ఐర్లండ్ తీరంలోనే జరిగిన పరిశీలనల్లో తేలిందేంటంటే, పిల్లలు మొదట రాళ్ళ మీద గులాబీ రంగు పూతలా పరుచుకుని ఉండే కొరలైన్ నాచు మీద దిగుతాయి, కొంచెం పెరిగాక మాస్టోకార్పస్ లాంటి చిన్న ఎర్ర నాచుల మీదికి, ఇంకా పెరిగాక కెల్ప్ మీదికి చేరతాయి. నీకు వీలైతే ఎండాకాలం మొదట్లో ఆ ఒడ్డుకే మళ్ళీ వెళ్ళి, ఆ గులాబీ పూత మీద భూతద్దంతో వెతుకు. కొన్ని మిల్లీమీటర్లే ఉన్నా నీలి గీతలు అప్పటికే ఉంటాయి. నేను ఈ జీవిలో ఇష్టపడే దృశ్యాల్లో అది ఒకటి, కెమెరా కంటే కంటికే బాగా కనిపిస్తుంది. చాలావరకు ఇవి ఒక ఏడాదే బతుకుతాయి, హోల్డ్‌ఫాస్ట్‌లో చేరినవి ఇంకొంత ఎక్కువ కాలం ఉండొచ్చు.

కిందికి ఎందుకు దిగుతాయి అనేదానికి ఒక మంచి కారణం ఉంది. హైపర్‌బోరియా ఏటా ఆకు మారుస్తుంది. చలికాలం చివర్లో కాడ పై నుంచి కొత్త ఆకు పుడుతుంది, పాత ఆకు దాని పైన కొంతకాలం వేలాడి, వసంతంలో తెగి కొట్టుకుపోతుంది. స్కాట్లండ్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఇలా తెగిన పాత ఆకులు ఒడ్డున కుప్పలుగా పడేవి, వాటి మీద లింపెట్లు ఇంకా అతుక్కునే ఉండేవి, ఎండకు చచ్చిపోయి. చలికాలపు తుఫానుల్లో కూడా ఆకులు చిరిగి పోతాయి. ఆకు మీదే ఉండిపోయినది ఆకుతోపాటు పోతుంది, కిందికి దిగినది మిగులుతుంది. ఆకు మీద కూడా కాడకు దగ్గరగా ఉన్నదానికి, కొసన ఉన్నదానికి చాలా తేడా ఉంది, ఇందాక చెప్పాను కదా, కొస ముదురు, ముందు చిరిగేది అదే.

ఇది కెల్ప్‌ను చంపుతుందా? ఆకు మీద అది కూర్చున్న చోట దాని గుల్ల సైజులోనే ఒక లోతు తక్కువ గుంట ఉంటుంది, అది తినగా ఏర్పడింది. ఆకును మెల్లగా వంచి చూస్తే చుట్టూ ముదురు గోధుమ రంగు, గుంట మాత్రం లేత రంగు. కొన్నిసార్లు గుంట నుంచి గీకిన బాట పక్కకు పోయి ఉంటుంది. ఇలాంటి గుంటలు పది ఉన్నా ఆకు బతికేస్తుంది, ఎలాగూ ఏడాదికోసారి మార్చుకునేదే.

హోల్డ్‌ఫాస్ట్ కథ వేరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద హైపర్‌బోరియాను తీసుకుని, కాడను పట్టుకుని హోల్డ్‌ఫాస్ట్‌ను కత్తితో నిలువునా రెండుగా కోశామనుకో. బయట నుంచి అన్నీ గట్టి వేళ్ళే. కోయగానే లోపల బురద, ఇసుక, పురుగులు, నక్షత్ర చేపల్లాంటి సన్నటి చేతుల బ్రిటిల్ స్టార్‌లు, గోరంత ఎండ్రకాయలు బయటపడతాయి. వాటన్నిటినీ కడిగేస్తే, కాడ కింది కొస, అంటే అన్ని వేళ్ళూ కలిసే నడిబొడ్డు కనిపిస్తుంది. లింపెట్ ఉన్నవాటిలో సరిగ్గా అక్కడే ఒక గుహ ఉంటుంది. కొన్నిట్లో బొటనవేలు దూరేంత. గుహ గోడ మీద పళ్ళతో గీకిన అడ్డగీతలు కంటికే కనిపిస్తాయి, గోడకు అతుక్కుని ఆ పాలిపోయిన గుల్ల. ఒక్కోసారి ఒకే గుహలో రెండు మూడు ఉంటాయి. కాడ బరువంతా, అల లాగే లాగుడంతా పడేది అదే చోట. అక్కడ బోలు అయిందంటే చలికాలంలో ఒక పెద్ద తుఫాను చాలు, వేళ్ళు కొన్ని రాయి మీదే ఉండిపోయి, కాడ విరిగి ఊడి వస్తుంది. ఒడ్డుకొచ్చిన కెల్ప్ మొదళ్ళు పట్టి పట్టి చూస్తే ఇలా బోలుగా విరిగినవి నీకూ కనిపిస్తాయి. అయితే కెల్ప్ ఊడిపోవడానికి ఇదొక్కటే కారణం అనుకోవద్దు, తుఫాను బలం, వయసు, ఎంత పెద్దదైంది, ఎలాంటి రాయి మీద ఉంది ఇవన్నీ ఉంటాయి. ఊడిపోయిన చోట వెలుతురు పడి కొత్త పిల్ల కెల్ప్‌లు పెరుగుతాయి కాబట్టి దీన్ని చీడ అనే మాటతో చూడడం నాకు ఒప్పదు. అది కూడా ఆ అడవిలో భాగమే.

మెత్తటి జీవి ఇంత గట్టి కణజాలాన్ని ఎలా తొలుస్తుంది అని నీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఎవరో అడిగారు. నోట్లో రాడ్యులా అని సన్నటి పట్టీ ఉంటుంది, దాని నిండా వరుసగా పళ్ళు. లింపెట్ పళ్ళల్లో గోయెథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. ఇనుప ఖనిజం అంటే మన జిల్లాలవాళ్ళకు బయ్యారం గుట్టలే గుర్తొస్తాయి, ఈ జీవి మాత్రం దాన్ని సముద్రపు నీళ్ళ నుంచీ తిండి నుంచీ తీసుకున్న ఇనుముతో తన నోట్లోనే తయారు చేసుకుంటుంది. పటెల్లా వల్గాటా పళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన పరీక్షల ఫలితాలు 2015లో వచ్చాయి, లాగుడు బలం 3 నుంచి 6.5 గిగాపాస్కళ్ళ మధ్య తేలింది. సాలీడు పట్టు కంటే ఎక్కువ, అప్పటిదాకా కొలిచిన జీవ పదార్థాలన్నిటిలో ఇదే బలమైనది. ముందు వరుస పళ్ళు అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి.

నీలి గీతల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గుర్తుపట్టడానికి అది కూడా పనికొస్తుంది. ఆ నీలం రంగు పదార్థం కాదు. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోల్ చుక్క పరుచుకుంటే రంగులు కనిపిస్తాయి చూడు, పలుచని పొరల్లో వెలుతురు పరావర్తనం చెంది ఒక రంగు బలపడడం వల్ల వచ్చేవి, ఇదీ అంతే. అమెరికాలో ఎమ్ఐటీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2015లో దీని మీద వివరంగా రాశారు. గుల్ల అంతా కాల్షియం కార్బొనేట్‌దే. గీతలున్న చోట మాత్రం పై ఉపరితలానికి కొంచెం కింద ఆ పొరలు చాలా పలుచగా, ఒక క్రమమైన దూరంలో పేర్చి ఉంటాయి, అవి నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుతురును వెనక్కి పంపుతాయి. వాటి అడుగున గుండ్రటి సూక్ష్మ కణాల పొర ఒకటి ఉండి మిగతా వెలుతురును పీల్చేస్తుంది, అందుకే నీలం అంత స్పష్టంగా, మెరుస్తూ కనిపిస్తుంది. మన వాడుకకు ఏం తేలిందంటే, ఈ నీలం వెలిసిపోయే రంగు కాదు. జీవి చచ్చి గుల్ల ఖాళీ అయినా పై పొర అరగనంత వరకు గీతలు ఉంటాయి. కాబట్టి ఇసుకలో దొరికిన ఖాళీ గుల్లను కూడా తడిపి, అటూ ఇటూ వంచి చూస్తే గుర్తుపట్టొచ్చు. గీతలు దేనికి అంటే, విషం ఉన్న రంగురంగుల మెత్తటి సముద్రపు నత్తలను పోలి ఉండి, తినడానికి వచ్చేవాటిని భయపెట్టడానికేమో అని ఒక ఊహ ఉంది. అది ఊహే, నిరూపణ కాలేదు.

నాచు మీద బతికే లింపెట్ ఇదొక్కటే కాదు, వేరే సముద్రాల్లో వేరేవి ఉన్నాయి. కాలిఫోర్నియా వైపు చదివేవాళ్ళు ఇక్కడ ఉంటే, అక్కడ ఈగ్రీజియా అనే కెల్ప్ మీద డిస్కూరియా ఇన్సెసా అనేది ఉంటుంది, గోధుమ రంగు, ఎత్తైన నునుపు గుల్ల, నీలం ఉండదు. అది నాచు నడిమి పట్టీలో గుంట చేసుకుని కూర్చుంటుంది, ఆ గుంట దగ్గరే కొమ్మలు తెగుతుంటాయి. దక్షిణాఫ్రికా, నమీబియా తీరంలో సింబులా కంప్రెసా అని ఇంకా పెద్దది, ఎక్లోనియా మాక్సిమా అనే కెల్ప్ కాడ మీద ఉంటుంది. గుండ్రటి కాడకు సరిపోయేలా దాని గుల్ల అంచు పక్కల నుంచి వంపు తిరిగి ఉంటుంది, బల్ల మీద పెడితే కుదురుగా కూర్చోదు, ఊగుతుంది. చూశావా, మళ్ళీ అదే సంగతి, గుల్ల ఆకారంలోనే అది కూర్చున్న చోటు తెలుస్తోంది.

ఒకే ఆతిథ్య మొక్కను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో చెప్పే ఉదాహరణ కూడా లింపెట్‌లలోనే ఉంది. ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరంలో లోటియా ఆల్వియస్ అనే సన్నటి లింపెట్ ఉండేది. అది ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి ఆకు మీద మాత్రమే బతికేది, గుల్ల కూడా ఆ ఆకు వెడల్పుకు తగ్గట్టు ఇరుకుగా ఉండేది. 1930ల మొదట్లో ఒక తెగులు వచ్చి ఆ తీరంలో గడ్డి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నదీ ముఖాల దగ్గర ఉప్పు తక్కువున్న నీళ్ళలో గడ్డి కొంత మిగిలింది, అక్కడి నుంచి మళ్ళీ పెరిగింది. లింపెట్ మాత్రం ఆ తక్కువ ఉప్పు నీళ్ళలో బతకలేదు. గడ్డి తిరిగొచ్చింది, లింపెట్ రాలేదు. అది అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు గుర్తించి ప్రకటించింది 1991లో, అంటే అన్నేళ్ళు ఎవరూ గమనించలేదు. ఈ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. నీ నీలి గీతల లింపెట్‌కు ఆ ప్రమాదం కొంత తక్కువ, ఎందుకంటే అది రెండు రకాల లామినేరియా మీదా, సాకోరైజా అనే ఇంకో పెద్ద గోధుమ నాచు మీదా, అంచులు రంపపు పళ్ళలా ఉండే ఫ్యూకస్ సెరేటస్ మీదా కూడా బతుకుతుంది. కానీ కెల్ప్‌లు చల్లటి నీళ్ళవి, సముద్రం వేడెక్కితే ముందు దెబ్బతినేవి అవే. అందుకని నువ్వు ఏ నాచు మీద చూశావో రాసిపెట్టుకోవడం చిన్న విషయం కాదు.

చివరగా వైజాగ్. బంగాళాఖాతం నీళ్ళు వెచ్చన, మన తీరంలో ఈ కెల్ప్‌లు పెరగవు. సర్గాసమ్, ఉల్వా, గ్రాసిలేరియా లాంటి నాచులుంటాయి. కాబట్టి కెల్ప్ లింపెట్ దొరికే ప్రశ్నే లేదు. రాతి లింపెట్లు మాత్రం బాగానే ఉన్నాయి. మా పిల్లలను టూర్ తీసుకెళ్ళినప్పుడు వైజాగ్ రాళ్ళ మీద సెల్లానా రేడియేటా చూపిస్తాను, గాడులున్న గుల్ల, అసలైన లింపెట్. దాని పక్కనే సైఫనేరియా ఉంటుంది, అచ్చం అలాగే కనిపిస్తుంది గానీ వేరే వంశం, అది గాలి పీల్చే నత్తలకు దగ్గరి చుట్టం. గుల్ల కుడి అంచున ఒక చోట కొంచెం ఉబ్బి ఉంటే అది సైఫనేరియా, గాలి పోయే దారి అది.

నువ్వు సెలవుల్లో ఇంటికొస్తే ఇంకోటి చూడు. మన చెరువుల్లో తామరాకు కింది వైపు, ఇతర నీటి మొక్కల ఆకుల కింద, ఫెరీసియా అనే మంచినీటి లింపెట్ ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లే, పలుచని టోపీ ఆకారం, ఆకు రంగులో కలిసిపోయి ఉంటుంది కాబట్టి తడి ఆకును వెలుతురుకు పట్టి చూడాలి. దీనికీ సముద్రపు లింపెట్‌కూ దగ్గరి చుట్టరికం లేదు, ఆకు మీద పాకుతూ, గీక్కుతింటూ బతికేవాటికి ఆ ఆకారం కుదిరింది, అంతే. హన్మకొండ చుట్టుపక్కల చెరువుల నుంచి ఆకులు తెప్పించి మా పిల్లలతో ఇదే వెతికిస్తాను, సముద్రం చూడనివాళ్ళకు లింపెట్ అంటే ఏంటో అరచేతిలో తెలుస్తుంది.

ఒడ్డుకు వెళ్ళేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. కెల్ప్ బయటపడేది నీళ్ళు బాగా తగ్గినప్పుడే, అంటే పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో. ఏడాదిలో మార్చి, సెప్టెంబర్ నెలల్లో అన్నిటికంటే ఎక్కువ తగ్గుతాయి. ఆ ఊరి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసుకుని, నీళ్ళు పూర్తిగా తగ్గే టైముకు గంట ముందే అక్కడుండి, తిరిగి రావడం మొదలవగానే వెనక్కి వచ్చెయ్. తడి కెల్ప్ మీద కాలు చాలా ఘోరంగా జారుతుంది, ఒక్కదానివే పోకు. బతికున్న లింపెట్‌ను గోరుతో, కత్తితో పీకొద్దు, పాదం చిరిగితే అది బతకదు. గుల్ల కావాలంటే ఖాళీవి ఏరుకో, అది కూడా ఆ ఒడ్డు రక్షిత ప్రాంతమేమో కనుక్కున్నాక. హోల్డ్‌ఫాస్ట్ కోసి చూడాలనుకుంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిన దాన్నే కోయి, రాయికి పట్టుకుని బతికున్న దాన్ని కాదు.

ఆ రెండో గుల్ల ఫొటో మళ్ళీ పెట్టు అమ్మా. ఒకటి పై నుంచి, ఒకటి పక్క నుంచి, ఒకటి లోపలి వైపు, ఇంకొకటి తడిపి మొన దగ్గర మాత్రమే దగ్గరగా. పక్కన ఒక రూపాయి బిళ్ళో స్కేలో పెట్టు. మొన దగ్గర ఆ నీలి ముక్కలు కనబడకపోతే చెప్పు, అప్పుడు మిగతా గుర్తులు చూద్దాం.